'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్': క్లబ్బులో విన్న పింక్ ఫ్లాయిడ్ రికార్డులో ఎందుకు మారిపోయింది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. 1966 చివర్లో లండన్ క్లబ్బుల్లో ఒక్కో బాణీని చాలాసేపు సాగదీసి వాయించిన ఇంగ్లిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్, 1967లో వచ్చిన తన మొదటి ఆల్బంలో చాలావరకు రెండు నుంచి నాలుగు నిమిషాల పాటలే ఎందుకు ఉంచింది అన్నది మొదటిది. ఆ కుదింపుకు స్టూడియోలో పనిని నడిపించిన నిర్మాత నార్మన్ స్మిత్ కారణమనీ, అతడు అడ్డుపడకుండా ఉంటే రికార్డు ఇంకా గొప్పగా వచ్చేదనీ అభిమానులు చెప్పే మాటలో నిజమెంత అన్నది రెండవది. ఏ ప్రతి కొనాలి, శబ్దమంతా ఒకే దారిలో వచ్చే మోనోనా, ఎడమ కుడి పక్కలకు విడిపోయి వచ్చే స్టీరియోనా అన్నది మూడవది. నేను టేపుల కాలంలో రికార్డింగ్ పని నేర్చుకున్నవాణ్ణి కనుక నా సమాధానం కొంత యంత్రాల వైపు మొగ్గుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: స్మిత్ ఆ సంగీతాన్ని పాడుచేయలేదు. క్లబ్బులో మోగినదాన్ని ఉన్నదున్నట్టుగా టేపు మీదికి ఎక్కించి ఉంటే అది ఆ కాలానికి ఒక సాక్ష్యంగా మిగిలేది తప్ప ఇవాళ మనం వింటున్న ఆల్బం అయ్యేది కాదు.

ముందు ఆ నిడివి ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. బేస్ వాయించే రోజర్ వాటర్స్, ఆర్గన్, పియానో వాయించే రిచర్డ్ రైట్, డ్రమ్స్ వాయించే నిక్ మేసన్ ముగ్గురూ రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరి అక్కడ కలుసుకున్నవాళ్లు. పాటలు రాసి, పాడి, గిటారు వాయించే సిడ్ బారెట్ కేంబ్రిడ్జి నుంచి వచ్చి కాంబర్‌వెల్‌లో చదువుతున్న చిత్రకళ విద్యార్థి. వారిలో ఎవరూ వాద్యం మీద అసాధారణమైన పట్టు ఉన్నవారు కాదు. 1965లో కౌంట్‌డౌన్ క్లబ్బులో ఒకే రాత్రి ఒకటిన్నర గంటల చొప్పున మూడు విడతలు వాయించవలసి వచ్చినప్పుడు, తెలిసిన పాటలు చాలక, అదే పాటను మళ్లీ వాయించడం ఇష్టంలేక, మధ్యలో సోలోలను పొడిగించడం మొదలుపెట్టారు. అవసరానికి పుట్టిన ఆ అలవాటు, 1966 డిసెంబర్ 23న టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని ఒక నేలమాళిగలో జో బోయ్డ్, జాన్ హాప్కిన్స్ కలిసి యూఎఫ్ఓ క్లబ్బు తెరిచే నాటికి ఒక శైలిగా ముదిరింది. గోడల మీద రంగునూనెల స్లైడ్ల వెలుగు కదులుతూ ఉండగా, వినేవాళ్లలో సగంమంది నేల మీద పడుకుని ఉండగా, చెవులు దిమ్మెక్కే శబ్దంలో ఇరవై నిమిషాల వాయింపు ఎవరికీ ఎక్కువ అనిపించదు. ఆ వెలుగు, ఆ గది, ఆ శబ్దతీవ్రత తీసేసి, ఇంట్లో చిన్న రికార్డు ప్లేయర్ మీద అదే ఇరవై నిమిషాలు వేస్తే మిగిలేది వేరు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు, మనం విని పోల్చుకోవచ్చు. 1967 జనవరిలో, ఇంకా ఏ కంపెనీతోనూ ఒప్పందం లేనప్పుడు, పీటర్ వైట్‌హెడ్ తీస్తున్న ఒక డాక్యుమెంటరీ కోసం ఈ బృందం చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్'ను దాదాపు పదిహేడు నిమిషాల పాటు వాయించింది. ఆ రికార్డింగ్ ఇప్పుడు అందరికీ దొరుకుతుంది. క్లబ్బులో వారు ఎలా ఉండేవారో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. అయినా దాన్ని మొత్తంగా, ఏ పనీ చేసుకోకుండా కూర్చుని రెండోసారి వినేవాళ్లు తక్కువ. ఆల్బంలో ఉన్న 9 నిమిషాల 41 సెకన్ల ప్రతిని మాత్రం జనం దాదాపు అరవై ఏళ్లుగా వింటూనే ఉన్నారు. ఈ రెండింటి మధ్య ఏం జరిగిందన్నదే మీ మొదటి రెండు ప్రశ్నలకూ అసలు జవాబు.

ఒప్పందం సంగతి క్లుప్తంగా చెబుతాను. బృందం వ్యవహారాలు చూసిన పీటర్ జెన్నర్, ఆండ్రూ కింగ్‌లకు ఈ రంగంలో ముందు అనుభవం లేదు. జెన్నర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పాఠాలు చెప్పేవాడు. జో బోయ్డ్ చేత అదే సౌండ్ టెక్నిక్స్‌లో 'ఆర్నాల్డ్ లేన్' అనే సింగిల్ (ఆల్బంతో పనిలేకుండా విడిగా అమ్మే పాట) చేయించి, ఆ టేపును చేతిలో పెట్టుకుని ఈఎంఐ అనే రికార్డు కంపెనీతో బేరమాడారు. కంపెనీ 5,000 పౌండ్ల అడ్వాన్సు ఇచ్చింది, ఆల్బం చేసుకునే అవకాశమూ ఇచ్చింది. అయితే పని తమ అబే రోడ్ స్టూడియోలో, తమ ఉద్యోగి అయిన నిర్మాత చేతుల మీదుగా జరగాలని పట్టుబట్టింది. అంటే తొలి సింగిల్‌ను తీర్చిదిద్దిన బోయ్డ్ పక్కకు తప్పుకోవలసి వచ్చింది. దండెం మీద ఆరేసిన ఆడవాళ్ల బట్టలు ఎత్తుకుపోయే మనిషి గురించిన ఆ పాటను రేడియో లండన్ ప్రసారం చేయడానికి నిరాకరించినా, అది మార్చిలో విడుదలై బ్రిటన్ పట్టికలో 20వ స్థానానికి చేరింది. స్మిత్ మీద ఉన్న కోపంలో చాలా భాగం నిజానికి బోయ్డ్‌కు జరిగిన అన్యాయం మీది కోపం. ఆ అన్యాయం నిజమే, కానీ అది కంపెనీ విధానం. స్మిత్ అడిగి చేయించుకున్నది కాదు.

స్మిత్ ఎవరన్నది కూడా చాలామందికి సరిగా తెలియదు. యుద్ధకాలంలో వైమానిక దళంలో గ్లైడర్లు నడిపి, ఆ తరువాత జాజ్ వాయిస్తూ బతకడానికి ప్రయత్నించి, 1959లో వయసు తగ్గించి చెప్పి ఈఎంఐలో అప్రెంటిస్‌గా చేరినవాడు. 1965 చివర్లో 'రబ్బర్ సోల్' పూర్తయ్యేవరకు బీటిల్స్ రికార్డింగులకు ఇంజనీరు అతడే. నిర్మాతగా పైకి వచ్చాక తనకంటూ ఒక బృందం కావాలని చూస్తున్న సమయంలో పింక్ ఫ్లాయిడ్ దొరికింది. వాళ్ల సంగీతం తనకు పెద్దగా అర్థం కాలేదని అతడే తరువాత ఒప్పుకున్నాడు. అయితే అర్థం కాకపోవడమూ అడ్డుపడటమూ ఒకటి కావు. అదే స్మిత్ ఆ ఏడాది చివర్లో 'ద ప్రెటీ థింగ్స్' బృందంతో 'ఎస్.ఎఫ్. సారో' మొదలుపెట్టి, ఒక కథను మొదటి నుంచి చివరి దాకా పాటల్లో నడిపే ఆల్బంగా దాన్ని పూర్తి చేశాడు. ప్రయోగమంటే గిట్టని మనిషి చేసే పని కాదు అది.

ఇక గది విషయం. 1967 ఫిబ్రవరి 21న అబే రోడ్‌లోని మూడవ స్టూడియోలో 'మటిల్డా మదర్'తో పని మొదలైంది. అక్కడి యంత్రం ఒక అంగుళం వెడల్పు టేపు మీద నాలుగు ట్రాకులు (శబ్దాన్ని విడివిడిగా రాసుకునే వరుసలు) మాత్రమే పట్టే స్టుడర్ జే37. ఇవాళ ఇంట్లో ల్యాప్‌టాప్ మీద ఎన్ని ట్రాకులైనా పెట్టుకోగలిగిన వారికి నాలుగు అంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచిస్తేనే తెలుస్తుంది. డ్రమ్స్‌కూ బేస్‌కూ కలిపి ఒకటి, గిటారుకు ఒకటి, ఆర్గన్‌కు ఒకటి ఇస్తే గొంతుకు ఒకటే మిగులుతుంది. ఇంకో గొంతు, గంటలు, పియానో కావాలంటే, ఆ నాలుగింటినీ కలిపి రెండవ యంత్రం మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దించి, మిగిలిన ఖాళీలో కొత్తవి చేర్చాలి. ఒకసారి అలా దించాక లోపలి పాళ్లు మార్చడానికి వీలులేదు. దించిన ప్రతిసారీ టేపు శబ్దం పెరుగుతుంది, పైస్వరాల మెరుపు తగ్గుతుంది. కనుక ఏ వాద్యం ఎంత ఉండాలన్నది చివర్లో కాకుండా మధ్యలోనే తేల్చుకోవాలి. పాట రూపం ముందే తెలిసి ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. ప్రతిసారీ కొత్త దారిలో పోయే వాయింపుకు ఇది బద్ధశత్రువు, బారెట్ సరిగ్గా అలాంటి వాద్యకారుడు: నిన్నటి టేకులో వాయించినది ఇవాళ వాయించడు, మళ్లీ చేయమంటే వేరే పాటలా చేస్తాడు. స్మిత్ దీని గురించి తరువాత ఎంతగా వాపోయాడో అందరికీ తెలుసు. అతని స్థానంలో ఎవరున్నా వాపోయేవారే.

అలాంటప్పుడు స్మిత్ చేసినదేమిటంటే, పాటకు గట్టి ఎముకలు ఏర్పరచి, విచ్చలవిడితనాన్ని ఆ ఎముకల మధ్య ఖాళీల్లోకి పంపడం. 'మటిల్డా మదర్'నే తీసుకోండి. మొదట బారెట్ దానికి హిలేర్ బెలాక్ పిల్లల కోసం రాసిన హెచ్చరిక కథల పద్యాలను వాడుకున్నాడు. బెలాక్ వారసత్వ హక్కులు చూసేవారు అనుమతి ఇవ్వకపోవడంతో, తల్లి కథ చదివి వినిపిస్తుంటే మధ్యలో ఆపవద్దని వేడుకునే పిల్లవాడి పాటగా మాటలు మార్చి రాశాడు. నా దృష్టిలో ఆ నిరాకరణ పాటకు మేలే చేసింది. పాత మాటలున్న ప్రతి 2007 నాటి ప్రత్యేక సంపుటిలో వచ్చింది, రెండూ విని చూడండి: మొదటిది చమత్కారం, రెండవది బెంగ. చరణాలకు జంటగొంతులు అద్దకం వేసినట్టు పొందికగా అమర్చి, మధ్యలో రైట్ ఆర్గన్‌కు మాత్రం దారి వదిలేశారు. ఆ ఆర్గన్ సోలో మన చెవికి పరిచితంగా తోచడానికి కారణముంది: ఎఫ్ షార్ప్‌ను షడ్జమంగా పట్టుకుంటే ఆ సోలోకు ఆధారమైన స్వరాలు మన కర్ణాటక సంగీతంలోని వకుళాభరణం మేళంలోనివే. అలాగని దాన్ని రాగం అనకూడదు. గమకం లేదు, స్వరాలు మెట్లలా విడివిడిగా పడతాయి. పడమటి దేశాల్లో తూర్పు వాసన కోసం వాడే స్కేలు అది, అంతే. ఇంకో మాట, సైకెడెలిక్ (మత్తులో కలిగే భ్రమలను తలపించే సంగీతం) అనగానే సితార్ గుర్తుకొచ్చే వారి కోసం: ఈ ఆల్బం మొత్తంలో సితార్ లేదు.

గొంతులను జంటగా వినిపించే పద్ధతి గురించి ఒక్క మాట చెప్పాలి. అంతకుముందు జంటగొంతు కావాలంటే గాయకుడు అదే వరుసను రెండోసారి పాడాలి. 1966లో అబే రోడ్ ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ ఒక ఉపాయం కనిపెట్టాడు: టేపు మీదున్న గొంతును మిక్సింగ్ (ట్రాకులన్నీ కలిపి తుది రూపం ఇవ్వడం) సమయంలోనే ఇంకో యంత్రంలోకి పంపి, ఆ యంత్రం వేగాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ, వెంట్రుకవాసి ఆలస్యంతో అసలు గొంతుకు కలిపేయడం. ఆల్బం అంతటా గొంతులకు ఉన్న ఆ నీటిలో కదిలినట్టుండే తత్వంలో దీని పాలు చాలా ఉంది. దీనికి స్టూడియోలోని నిజమైన ప్రతిధ్వని గదులు తోడు, అంటే ఖాళీ గదిలో ఒక స్పీకర్ మోగించి మైకుతో తిరిగి పట్టుకోవడం. వాద్యాల వైపు నుంచి బారెట్, రైట్ తెచ్చుకున్నది ఇటలీలో తయారైన బిన్సన్ ఎకోరెక్. అందులో టేపుకు బదులు తిరిగే లోహపు చక్రం మీద శబ్దాన్ని రాసి, చుట్టూ అమర్చిన హెడ్‌ల ద్వారా అనేకమార్లు తిరిగి చదువుతారు. బారెట్ సిగరెట్ లైటరును తీగల మీద జారుస్తూ ఆ పెట్టెలోకి పంపితే వచ్చే శబ్దం గిటారు అని చెప్పడం కష్టం. వాద్యంతో స్వరం కాక శబ్దం చేయాలన్న ఆలోచన అతనికి ఏఎంఎం అనే బృందపు గిటారిస్టు కీత్ రో దగ్గర చూసి కలిగింది. క్లబ్బులో ఉన్న స్వేచ్ఛ రికార్డులోకి రాలేదనేవారు ఈ శబ్దాల పొరను సరిగా విని ఉండరు. అది నిడివిగా కాకుండా సాంద్రతగా వచ్చింది.

ఆ మార్పు అతి చక్కగా వినిపించేది మొదటి పాట 'అస్ట్రానమీ డామినే'లో. జెన్నర్ మెగాఫోను పట్టుకుని ఖగోళశాస్త్ర పుస్తకం నుంచి గ్రహాల, నక్షత్రాల పేర్లు చదువుతుంటే, అడుగున టెలిగ్రాఫు చుక్కలు గీతల్లాంటి చప్పుడు, దాని మీద ఒకే స్వరం మీద నిలబడి కొట్టుకునే గిటారు. తరువాత చరణం వచ్చినప్పుడు స్వరసముదాయాలు ఒక స్కేలుకు కట్టుబడకుండా ఎగిరి, ఆపైన అర్ధస్వరాల మెట్ల మీదుగా కిందికి జారతాయి. వేదిక మీద దీన్ని ఎంతైనా పొడిగించేవారు. ఇక్కడ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అయినా అంతరిక్షంలో దిక్కు తప్పిన భావం కలగడానికి ఆ వ్యవధి చాలింది, ఎందుకంటే ఆ పనిని ఇక్కడ కాలం కాక శ్రుతిలోని అస్థిరత్వం చేస్తోంది.

'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే పాట కాని సంగీతాన్ని స్టూడియో ఎలా జీర్ణించుకుందో అక్కడే తెలుస్తుంది. దాని ప్రధాన వరుస పుట్టుక వింతైనది: లవ్ అనే అమెరికన్ బృందం పాడిన ఒక పాటను జెన్నర్ శ్రుతి తప్పి కూనిరాగం తీస్తుంటే, బారెట్ దాన్ని గిటారు మీద పట్టుకునే ప్రయత్నంలో ఇంకేదో తయారైంది. క్లబ్బులో ఈ వరుస ఒక ప్రవేశద్వారం, ఒక నిష్క్రమణ ద్వారం; మధ్యలో ఏమైనా జరగవచ్చు. స్టూడియోలో దాన్ని ఒకసారి వాయించి, ఆ వాయింపు వింటూ దాని మీదే మొత్తం బృందం ఇంకోసారి వాయించింది. రెండు వాయింపులూ ఒకదానిపై ఒకటి ఉన్నాయి. మొదటి వరుసలో గిటారు అంత మందంగా, అంచులు కొద్దిగా చెదిరి వినిపించడానికి కారణం ఇదే. మధ్యభాగంలో ఒక ఆర్గన్‌కు ఇంకో ఆర్గన్ జవాబిస్తున్నట్టు, ఒక గిటారు ఇంకో గిటారును వెక్కిరిస్తున్నట్టు అనిపించడానికీ ఇదే కారణం. క్లబ్బులో నలుగురు ఒకరినొకరు వింటూ వాయించేవారు. ఇక్కడ నలుగురు, మరో వేళ వాయించిన తమనే వింటూ వాయించారు. ఇది క్లబ్బులో జరిగే అవకాశమే లేదు. తిరిగి ప్రధాన వరుసలోకి వచ్చే చోట డ్రమ్ముల మీద దీర్ఘమైన రోల్ ఒకటి కావలసి వస్తే, మేసన్‌కు అది సరిగా కుదరక, స్వయంగా డ్రమ్స్ తెలిసిన స్మిత్ వాయించాడు. సంగీతాన్ని చంపేశాడని నిందించే మనిషి చేతులే ఆ ఆల్బంలోని అత్యంత అరాచకమైన భాగాన్ని ముగింపు వైపు నడిపించాయన్నది నాకు ఎప్పుడూ నచ్చే విషయం.

'పౌ ఆర్. టాక్ హెచ్.'లో నోటితో చేసిన చప్పుళ్లూ రైట్ పియానో తప్ప చెప్పుకోదగ్గది లేదు. వాటర్స్ రాయగా విడుదలైన మొట్టమొదటి పాట 'టేక్ అప్ దై స్టెతస్కోప్ అండ్ వాక్' బలహీనమైనది. ఆరేళ్ల తరువాత ఆ బృందపు మాటలన్నీ రాయబోయేవాడు ఇతడేనని దాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు. మొత్తం 11 రచనల్లో 8 బారెట్ ఒక్కడివే, ఒకటి వాటర్స్‌ది, రెండు నలుగురివీ. కనుక రచనగా చూస్తే ఇది బారెట్ ఆల్బమే. అయితే 'ద నోమ్', 'ద స్కేర్‌క్రో', 'చాప్టర్ 24' లాంటి చిన్న పాటలను జాగ్రత్తగా వింటే రైట్ పాత్ర ఎంతో తెలుస్తుంది. చైనా ప్రాచీన గ్రంథం 'ఐ చింగ్'లోని 24వ అధ్యాయం నుంచి మాటలు తీసుకున్న 'చాప్టర్ 24'ను బారెట్ ఒంటరిగా గిటారుతో పాడి ఉంటే అది ఒక పారాయణంలా ఉండేది. అడుగున నిలిచి మోగే ఆర్గనూ, పైన గంటలూ దానికి ప్రశాంతతను తెచ్చాయి.

చివరి పాట 'బైక్' స్టూడియోలో తప్ప ఎక్కడా పుట్టలేనిది. మాటలు పిల్లవాడి గొప్పల్లా ఉంటాయి: నాకో సైకిలుంది, నాకో కోటుంది, నాకో ఎలుక తెలుసు, ఒక్కో పంక్తి ఒక్కో పొడవు, మాట ఎక్కువైతే తాళమే సర్దుకుంటుంది. చివర్లో పాడేవాడు తన ప్రియురాలిని సంగీత యంత్రాలున్న ఇంకో గదిలోకి పిలుస్తాడు. పాట అక్కడ ఆగుతుంది, టేపు ముక్కలు మొదలవుతాయి: అడుగుల చప్పుడు, గడియారాల యంత్రాలు, గంటలు, ఆ తరువాత వెనక్కి తిప్పి వేగం పెంచిన నవ్వు బాతుల అరుపులా చుట్టూ చుట్టూ తిరుగుతుంది. ఆ గది మనకు వినిపిస్తుంది తప్ప దాని గురించి ఎవరూ ఏమీ చెప్పరు. ఆల్బం మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిర్ణయం ఇది.

స్మిత్‌కు వ్యతిరేకంగా ఉన్న బలమైన వాదనను కూడా న్యాయంగా చెప్పాలి. ఆల్బం పని మధ్యలో మే నెలలో రెండవ సింగిల్ 'సీ ఎమిలీ ప్లే' కోసం, 'ఆర్నాల్డ్ లేన్' శబ్దం అబే రోడ్‌లో రావడం లేదని, అందరూ తిరిగి సౌండ్ టెక్నిక్స్‌కు వెళ్లారు. పాట 6వ స్థానానికి చేరింది. అబే రోడ్ గదికీ ఈ బృందానికీ పూర్తిగా పొసగలేదనడానికి ఇది ఆధారమే. కానీ అక్కడ కూడా నిర్మాత కుర్చీలో ఉన్నది స్మిత్‌యే అన్నది ఆ వాదన చేసేవారు మరచిపోతారు. అతడు అంత మొండివాడైతే తన సొంత స్టూడియోను వదిలి, కంపెనీ తప్పించిన బోయ్డ్ వాడిన గదికి వెళ్లి పనిచేసేవాడు కాదు.

పక్క స్టూడియోలో బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' చేస్తున్నారన్నది నిజం. మార్చి 21న వీళ్లను లోపలికి తీసుకెళ్లి 'లవ్లీ రీటా' పని కాసేపు చూపించారు. దీని మీద ఎవరు ఎవరి నుంచి కాపీ కొట్టారన్న కథలు చాలా అల్లారు. నేను వాటికి విలువ ఇవ్వను. రెండు బృందాలూ ఒకే భవనంలో, ఒకే రకం యంత్రాల మీద, అదే ఇంజనీరింగ్ సంప్రదాయంలో శిక్షణ పొందినవారితో పనిచేశాయి. వినిపించే పోలికలకు అది చాలు.

బారెట్ మానసిక స్థితి గురించి మీరు అడగలేదు కానీ, ఈ ఆల్బంను ఒక పతనానికి పత్రంగా వినే అలవాటు బలపడింది కనుక చెప్పాలి. 1967 వేసవి నాటికి అతని పరిస్థితి దిగజారుతోందని దగ్గరివాళ్లందరూ గమనించారు, ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకం అందులో భాగం, 1968 ఏప్రిల్‌లో బృందం నుంచి అధికారికంగా విడిపోయాడు. కానీ పాటల్లో ఎక్కువ భాగం అంతకుముందు రాసినవి, రికార్డింగ్ చాలావరకు వసంతకాలంలోనే అయిపోయింది. తన మాటలను ఎక్కడ ఆపాలో, ఎక్కడ ప్రాస విరవాలో కచ్చితంగా తెలిసిన మనిషి చేసిన పాటలివి. కెన్నెత్ గ్రాహమ్ 1908లో రాసిన పిల్లల నవల 'ద విండ్ ఇన్ ద విల్లోస్'లోని ఏడవ అధ్యాయం పేరును ఆల్బంకు పెట్టడంలోనూ అదే తెలివి ఉంది: ఆ అధ్యాయంలో ఎలుక, చుంచు తెల్లవారుజామున నది మీద వేణునాదం విని ఒక దేవతను చూస్తాయి, ఆపైన చూసినది మరచిపోతాయి. ముఖచిత్రంలో నలుగురి ముఖాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి ఫొటోగ్రాఫర్ విక్ సింగ్ వాడిన ప్రిజం లెన్సు జార్జ్ హారిసన్ ఇచ్చినది. వెనక అట్ట మీది నల్లటి ఆకారాలు బారెట్ స్వయంగా గీశాడు.

ఇక ఏ ప్రతి కొనాలన్న ప్రశ్న. ఆల్బం 1967 ఆగస్టు మొదట్లో విడుదలైంది, బ్రిటన్‌లో 6వ స్థానం దాకా వెళ్లింది. ఆనాడు ఇళ్లలో ఎక్కువ ఉన్నవి మోనో యంత్రాలు. అందుకే అసలు శ్రద్ధంతా మోనో మిక్స్ మీద పెట్టారు, స్టీరియో మిక్స్‌ను తరువాత స్మిత్, ఇంజనీరు పీటర్ బౌన్ కలిసి వేగంగా ముగించారు. నాలుగు ట్రాకుల టేపులో డ్రమ్స్, బేస్, ఇంకేదో వాద్యం ఒకే ట్రాకులో కలిసిపోయి ఉన్నప్పుడు స్టీరియోలో వాటిని విడదీయడం సాధ్యం కాదు; ఆ మూటను ఒక పక్కకు, గొంతును ఇంకో పక్కకు తోయడమే మిగులుతుంది. హెడ్‌ఫోన్లలో ఇది కొన్ని పాటల్లో చాలా ఇబ్బంది పెడుతుంది. మోనోలో అదే పాట ఒకే దేహంగా, ముందుకు తోసుకొస్తున్నట్టు వినిపిస్తుంది. 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' మొదటి నిమిషంలో స్టీరియోలో పూడిపోయిన ఆర్గన్ మోనోలో పైకి వస్తుంది. స్టీరియోకు ఒక్క విషయంలో పైచేయి ఉంది: అదే రచన చివర్లో ప్రధాన వరుస తిరిగి వచ్చే చోట శబ్దం మొత్తాన్ని స్మిత్ ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊపుతాడు. కొందరికి అది చౌకబారు గారడీ అనిపిస్తుంది, నాకు అనిపించదు. యూఎఫ్ఓ గోడల మీద కదిలిన వెలుగుకు ఆ రికార్డులో దొరికే అతి దగ్గరి సమానం అదే.

కనుక మొదట మోనో వినండి. 2007లో వచ్చిన మూడు డిస్కుల సంపుటిలో రెండు మిక్సులూ ఉన్నాయి, 2018లో మోనో వినైల్ కూడా వచ్చింది. పాత రికార్డుల దుకాణంలో అమెరికన్ టవర్ కంపెనీ ముద్ర ఉన్న ప్రతి దొరికితే, సేకరణ కోసమైతే తప్ప, దాన్ని మొదటి పరిచయంగా తీసుకోవద్దు. 1967 అక్టోబర్‌లో అక్కడ విడుదల చేసినప్పుడు 'సీ ఎమిలీ ప్లే'ను ముందుకు తెచ్చి, 'అస్ట్రానమీ డామినే', 'ఫ్లేమింగ్', 'బైక్' మూడింటినీ తీసేశారు, మిగిలిన వరుసనూ మార్చారు; మెగాఫోను గొంతుతో తెరుచుకుని గడియారాల గదిలో మూసుకునే ఆల్బంకు ఆ రెండు కొసలూ అందులో లేవు.